సాక్షి సంతకానికి విశాఖ వెళ్ళాను

2023 డిసెంబరులో ఒక రాత్రి నా స్నేహితురాలు విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి, "సాక్షి సంతకం పెట్టడానికి వస్తావా?" అని అడిగింది. తన పెళ్ళికి నన్ను పిలిచిన పిలుపు అదే. శుభలేఖ అచ్చు వేయించలేదు, పురోహితుడు లేడు, చర్చి ఫాదరు లేడు, కల్యాణ మండపం లేదు. తానూ పెళ్ళికొడుకూ కలిసి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నోటీసు ఇచ్చి వచ్చామనీ, ముప్పై రోజుల గడువు పూర్తయ్యాక ఫిబ్రవరిలో ఒక రోజు చూసుకుంటామనీ, ముగ్గురు సాక్షులు తప్పనిసరి అనీ చెప్పింది. నేను వెంటనే వస్తానన్నాను. ఫోన్ పెట్టేసిన తరువాతనే, విశాఖ వదిలి ఎనిమిదేళ్ళు కావస్తున్నదనీ, ఈ ఎనిమిదేళ్ళలో రెండే రెండుసార్లు ఆఫీసు పని మీద వెళ్ళి ఆ రాత్రికే తిరిగి వచ్చేశాననీ గుర్తుకు వచ్చింది.

2005లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదవడానికి వెళ్ళిన నేను, చదువు తరువాత ఉద్యోగం కూడా అక్కడే దొరకడంతో 2016 వరకు ఆ ఊళ్ళోనే ఉండిపోయాను. అందులో ఎనిమిదేళ్ళు పెదవాల్తేరులో, కరకచెట్టు పోలమాంబ గుడికి కొంచెం దూరంలో, ఒక మేడ మీది రెండు గదుల వాటాలో ఈ స్నేహితురాలితో కలిసి అద్దెకున్నాను. ఆమెది చోడవరం, ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచరు. పెళ్ళికొడుకు వన్ టౌన్ వాడు. రాస్ హిల్ దిగువన వాళ్ళ ఇల్లు, పోర్టులో సరుకు ఎగుమతులు చూసే ఒక సంస్థలో ఉద్యోగం. ఆమె హిందువు, అతడు క్రైస్తవుడు. పెళ్ళి కోసం ఒకరు మరొకరి మతంలోకి మారడం ఇద్దరికీ ఇష్టం లేదు. అందువల్లనే ఇద్దరికీ దాదాపు నలభై ఏళ్ళు వచ్చేవరకు ఆ పెళ్ళి ఆగిపోయింది.

వారు ఎంచుకున్నది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి జరగాలంటే వధూవరులిద్దరూ హిందువులై ఉండాలి. ప్రత్యేక వివాహ చట్టం మతాన్ని అడగదు. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు కనీసం ముప్పై రోజులు ఆ వివాహ అధికారి పరిధిలో నివసించి ఉండాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్ళు నిండాలి. ఇద్దరికీ జీవించి ఉన్న భార్యగానీ భర్తగానీ ఉండకూడదు. నిషిద్ధమైన దగ్గరి బంధుత్వం ఉండకూడదు. నోటీసును కార్యాలయంలో అందరికీ కనబడేచోట అతికిస్తారు. ముప్పై రోజుల లోపల ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చుగానీ, ఆ అభ్యంతరం చట్టం చెప్పిన షరతుల మీదనే ఉండాలి. కులం వేరనో మతం వేరనో చెబితే అది అభ్యంతరం కిందికి రాదు. నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపల పెళ్ళి జరగకపోతే మళ్ళీ కొత్తగా నోటీసు ఇవ్వవలసిందే. ఈ సంగతులన్నీ నేను ఆ నెలలోనే, చట్టం ప్రతిని దగ్గర పెట్టుకుని చదివి తెలుసుకున్నాను. ఎంతో మంది చదువుకున్నవాళ్ళకు కూడా ఇవి తెలియవు. తెలియక భయపడి వెనక్కు తగ్గిన ఒక జంటను నేను ఎరుగుదును. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అయితే ఆ చట్టంలోనే ఉన్న ఒక ఏర్పాటు నా స్నేహితురాలిని చాలా బాధపెట్టింది. పెళ్ళి చేసుకునేవారిలో ఒకరి శాశ్వత నివాసం మరొక అధికారి పరిధిలో ఉంటే, నోటీసు ప్రతిని అక్కడి కార్యాలయానికి కూడా పంపి అక్కడా అతికించాలి. దాదాపు ఇరవై ఏళ్ళుగా విశాఖలో ఉంటున్నా ఆమె ఆధార్ కార్డు మీద చోడవరం చిరునామాయే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చోడవరం అనకాపల్లి జిల్లాలో చేరింది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళి, అమ్మ పక్కన కూర్చుని, తన నోటితో తానే చెప్పాలని ఆమె అనుకున్నది. ఆ లోగానే అక్కడి కార్యాలయంలో పని మీద వెళ్ళిన బంధువొకడు నోటీసు చదివి, వాళ్ళ అన్నయ్యకు ఫోన్ చేశాడు. మూడో సాక్షిగా అన్నయ్యనే బతిమాలాలని ఆమెకు ఎంతో ఆశ ఉండేది. అతడు "నేను రాను, అమ్మ రాదు" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. సాక్షులలో పెళ్ళికొడుకు అక్క ఒకరు, నేనొకరు. మూడోవారు ఎవరో నేను రైలెక్కేనాటికి కూడా తేలలేదు.

పెళ్ళికి ముందు రోజు తెల్లవారేసరికి చేరేటట్టు సికింద్రాబాదులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చదువుకునే రోజుల్లో హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా తుని దాటగానే మెలకువ వచ్చేసేది. ఈసారీ అలాగే వచ్చింది. అనకాపల్లిలో బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద ఒకామె తన పిల్లవాణ్ణి "బేగి రారా" అని కేకవేసింది. 'బేగి' అంటే త్వరగా అని. హైదరాబాదులో ఎనిమిదేళ్ళుగా నా చెవిన పడని మాట అది. దువ్వాడ దాటాక కిటికీలోంచి కొండలు కనిపించినంతసేపు కనురెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాను.

స్టేషనుకు స్నేహితురాలు వచ్చింది. నన్ను చూడగానే ఆమె అన్న మొదటి మాట, "మూడో సాక్షిగా మేడ కింద మామ్మగారిని అడుగుదామా?" అని. మామ్మగారంటే మా పెదవాల్తేరు ఇంటి యజమానురాలు. రాత్రి తొమ్మిదింటికి గేటుకు తాళం వేసేవారు. ఆ తరువాత వస్తే, ఎందుకు ఆలస్యమైందో చెప్పి లోపలికి వెళ్ళాలి. మగపిల్లలు మేడ మెట్లు ఎక్కకూడదన్నది వారి మొదటి షరతు. అలాంటి మనిషిని మతాంతర వివాహానికి సాక్ష్యం అడగడం ఎలాగని నేను సందేహించాను. అయినా స్నానం, ఫలహారం కాగానే ఇద్దరమూ బయలుదేరాం.

ఆటోను బీచి రోడ్డు మీదుగా పొమ్మన్నాం. నేను ఊరు విడిచి వెళ్ళేనాటికి అక్కడ కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఒక్కటే ఉండేది. 2017లో దానికి ఎదురుగా పెట్టిన టీయూ-142 యుద్ధ విమానాన్ని నేను ఆ రోజే చూశాను. కొత్తగా వచ్చినవాటిని చూసి ముచ్చటపడ్డానుగానీ, నా కళ్ళు వెతికింది చెట్ల కోసం. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదనే తీరం దాటింది. ఆ ఒక్క పగటిలో విశ్వవిద్యాలయం ఆవరణలోనూ, సిరిపురం వైపూ, మా వీధిలోనూ నీడ అన్నది లేకుండా పోయింది. కైలాసగిరి పచ్చదనం పోయి, కాలిపోయిన కొండలా మిగిలింది. నేను వెళ్ళిపోయేనాటికి కూడా ఆ బోసితనం పూర్తిగా తీరలేదు. ఇప్పుడు వీధి మలుపులో, తుఫానుకు పడిపోయిన వేపచెట్టు చోట మామ్మగారు నాటించిన మొక్క మా మేడ పిట్టగోడ అందుకునేంత ఎత్తు పెరిగి ఉంది. ఆ చెట్టు కింద కొంతసేపు నిలబడిపోయాను.

మామ్మగారు గేటు దగ్గరకు వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, "ఏటమ్మా, మేడ మీద పిల్లలిద్దరూ ఒక్కసారే వచ్చారు!" అన్నారు. మా వాటాలో ఇప్పుడు మరో ఇద్దరు ఉద్యోగస్తురాళ్ళు ఉంటున్నారట. స్నేహితురాలు మాటలు వెతుక్కుంటుంటే నేనే విషయం చెప్పాను. పెళ్ళికొడుకు ఫలానా అని చెప్పగానే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తుఫానప్పుడు మంచినీళ్ళ క్యాను మోసుకొచ్చిన కుర్రాడే కదా? గేటు బయటే నిలబడి, మేడ మీదకు తేవచ్చా మామ్మగారూ అని అడిగాడు. నాకు తెలీదేటి?" అన్నారు. తరువాత లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఆధార్ కార్డు తెచ్చి స్నేహితురాలి చేతిలో పెట్టి, "రేపు ఎన్నింటికి రావాలి?" అని మాత్రం అడిగారు. మేడ మెట్లు ఎక్కనివ్వని మనిషి పదేళ్ళ కిందటి ఆ ఒక్క ప్రశ్ననూ అలా దాచుకుని ఉంటారని మేమిద్దరమూ ఊహించలేదు. తిరిగి వస్తూ ఆటోలో స్నేహితురాలు నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఆ పరిచయం ఎలా మొదలైందో చూసినదాన్ని నేను. తుఫాను తరువాత రెండు రోజులకు కూడా ఊళ్ళో కరెంటు లేదు, కుళాయిలో నీళ్ళు లేవు, ఫోన్లు పలకలేదు. మంగళవారం మధ్యాహ్నం, ఒక ఆఫీసులో జనరేటరు నడుపుతున్నారనీ, ఎవరు వెళ్ళినా ఫోన్లకు ఛార్జింగ్ పెట్టనిస్తున్నారనీ విని, పడిపోయిన చెట్ల కొమ్మలు దాటుకుంటూ ఇద్దరమూ నడిచి వెళ్ళాం. అక్కడ ఒక బల్ల మీద వందకు పైగా ఫోన్లు ఉన్నాయి. ఒక యువకుడు వచ్చినవారి పేరూ, వీధీ చిన్న కాగితం ముక్క మీద రాసి, రబ్బరు బ్యాండుతో ఫోనుకు చుట్టి వరసగా పెడుతున్నాడు. స్నేహితురాలి పేరు రాసుకుని, "పెదవాల్తేరులో మంచినీళ్ళు వస్తున్నాయాండి?" అని అడిగాడు. రావడం లేదని చెప్పాం. మరునాడు అతడు సైకిలు మీద క్యాను తెచ్చాడు. మా ఒక్క ఇంటికే కాదు. ఆ కాగితాల మీద ఉన్న వీధులను బట్టి, తాను వెళ్ళగలిగినంతమేర ఎన్నో ఇళ్ళకు ఇచ్చాడని తరువాత తెలిసింది.

పెళ్ళి రోజు ఉదయం పదిన్నరకు కార్యాలయానికి చేరాం. వధూవరుల వయసు, చిరునామా ధ్రువపత్రాలు, ఫోటోలు, ఇంతకు ముందు పెళ్ళి కాలేదన్న ప్రమాణపత్రాలు, సాక్షుల గుర్తింపు కార్డులు — అసలూ, నకళ్ళూ వేరు వేరు కవర్లలో పెట్టుకుని పెళ్ళికొడుకు ముందే సిద్ధంగా ఉన్నాడు. ఆ జాగ్రత్త చూసినప్పుడు నాకు ఆ పాత రబ్బరు బ్యాండ్లు గుర్తుకు వచ్చాయి. ఆస్తి రిజిస్ట్రేషన్లకు వచ్చినవారితో వరండా నిండి ఉంది. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. మామ్మగారిని చెరొక చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి కుర్చీలో కూర్చోబెట్టాం.

మేము ఎదురుచూస్తున్న ఆ సమయంలోనే స్నేహితురాలి వాళ్ళమ్మ వచ్చింది. చోడవరం బస్సులో వచ్చి, కాంప్లెక్సు అనే బస్టాండులో దిగి, ఒక్కతే ఆటో మాట్లాడుకుని, కార్యాలయం పేరు రాసిన కాగితాన్ని ఆటో అబ్బాయికి చూపించుకుంటూ వచ్చింది. చేతిలో ఒక గుడ్డ సంచీ ఉంది. కూతురి దగ్గరకు వచ్చి కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. చీర కుచ్చెళ్ళు సరిచేసింది, అంతే. తరువాత నా వైపు తిరిగి, "నువ్వొచ్చావన్నమాట. మంచిదమ్మా" అంది. పెదవాల్తేరు రోజుల్లో నెలకోసారి అనకాపల్లి బెల్లమూ, చెరకు రసంతో చేసిన పొంగలీ పంపేది ఆవిడే. పెళ్ళికొడుకు వంగి కాళ్ళకు నమస్కరిస్తే, నెత్తి మీద చెయ్యి పెట్టింది.

లోపలికి పిలిచాక అధికారి పత్రాలన్నీ ఒక్కొక్కటిగా చూశారు. సాక్షుల వివరాలు రాసే చోట పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా అన్న గడులు ఉన్నాయి. చిరునామా దగ్గర నా కలం ఆగింది. గుర్తింపు కార్డు మీద ఉన్నదే రాయాలి కనుక హైదరాబాదు చిరునామా రాశాను. నేను ఈ సంతకం పెట్టడానికి కారణమైన ఇంటి నంబరూ, వీధీ నా పేరు పక్కన ఎక్కడా లేవన్నది ఆ క్షణంలో నన్ను నిజంగా కలచివేసింది. పదకొండేళ్ళు బతికిన ఊళ్ళో నేను బయటి ఊరి సాక్షిని. నా కింది వరసలో మామ్మగారు వణికే చేత్తో పెదవాల్తేరు ఇంటి నంబరు రాశారు. ఆ నంబరు అక్కడ కనిపించాక నా మనసు కుదుటపడింది.

అధికారి నన్ను, "వీళ్ళిద్దరూ మీకు ఎన్నాళ్ళుగా తెలుసు?" అని అడిగారు. "అమ్మాయి 2005 నుంచి తెలుసు. అబ్బాయి హుద్‌హుద్ అయిన రెండో రోజు నుంచి తెలుసు" అన్నాను. ఆయన తల ఎత్తి చూశారు. "మా ఇంటి రేకులు ఆ రోజే పోయాయి" అన్నారు. మామ్మగారు వేపచెట్టు సంగతి చెప్పారు. పెళ్ళికొడుకు అక్క, రాస్ హిల్ దిగువన తమ ఇంట్లోకి ఎలా నీళ్ళు వచ్చాయో చెప్పింది. ఆ గదిలో అప్పటివరకు ఒకరికొకరు ఎవరమో తెలియని మేము రెండు నిమిషాలపాటు ఒకే వీధి వాళ్ళలా మాట్లాడుకున్నాం. విశాఖలో ఆ రోజు ఉన్న ఏ ఇద్దరు కలిసినా ఇంతే. ఎక్కడున్నావు, ఏం పడింది, ఎన్నాళ్ళకు కరెంటు వచ్చింది అని అడుగుతారు.

సంతకాలకు ముందు వాళ్ళమ్మ సంచీలోంచి స్టీలు డబ్బా తీసి, అధికారిని, "బాబూ, ఇక్కడ జీలకర్ర బెల్లం పెట్టుకోవచ్చునేటి?" అని అడిగింది. నాకు గుండె ఝల్లుమంది. ఆయన శాంతంగా, "పెట్టుకోండమ్మా. పెళ్ళి ఏ పద్ధతిలో చేసుకున్నా చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఒకరితో ఒకరు చెప్పవలసిన మాట మాత్రం చెప్పాలి" అన్నారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. అధికారి ఎదుట, ముగ్గురు సాక్షుల ఎదుట, ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా సరే, ఒకరినొకరు చట్టబద్ధమైన భర్తగా, భార్యగా స్వీకరిస్తున్నామని పలకకపోతే ఆ పెళ్ళి పూర్తి కాదు.

వాళ్ళు తెలుగులో చెప్పారు. అతడు తడబడకుండా చెప్పాడు. ఆమె తన పేరు చెప్పి, అతడి పేరు చెప్పి, "నిన్ను నా చట్టబద్ధమైన" అన్నంతవరకు వచ్చి ఆగిపోయింది. రోజూ యాభై మంది పిల్లల ముందు గొంతెత్తి పాఠం చెప్పే మనిషికి గొంతు పెగలలేదు. వాళ్ళమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. "భర్తగా స్వీకరిస్తున్నాను" అని మిగిలిన మాట స్నేహితురాలు పూర్తిచేసింది. ఆ తరువాత ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం ఉంచారు. ఎన్నో పెళ్ళిళ్ళలో మేళం హోరులో ఆ క్షణాన్ని దూరం నుంచి చూశానుగానీ, ఇంత దగ్గరగా, ఇంత నిశ్శబ్దంలో ఎప్పుడూ చూడలేదు. ధ్రువపత్రం పుస్తకంలో వధూవరులు, వారి కింద మేము ముగ్గురమూ సంతకాలు చేశాం. నా సంతకం బ్యాంకు కాగితాల మీద గీసేటట్టు కాకుండా, పూర్తి పేరుతో, ప్రతి అక్షరం తెలిసేటట్టు పెట్టాను.

భోజనాలు వన్ టౌన్‌లో, పెళ్ళికొడుకు ఇంట్లో. అతడి అక్క, స్నేహితురాలి వాళ్ళమ్మ కోసం విడిగా పప్పూ, వంకాయ కూరా, పులిహోరా చేయించింది. మా అందరికీ వంజరం చేపల పులుసు. సాయంత్రం ఎండ తగ్గాక కొండ ఎక్కాం. అక్కడ ఒకదాని పక్కన ఒకటిగా మూడు కొండలు ఉన్నాయి: రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, పక్క కొండ మీద దర్గా, మరో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. కింద ఓడలు లోపలికి వచ్చే కాలువ, దాని అవతల డాల్ఫిన్ నోస్ కొండ. చదువుకునే రోజుల్లో నేను ఇక్కడికి ఓడలు చూడడానికి ఎన్నోసార్లు వచ్చానుగానీ, కింది ఇళ్ళల్లో ఎవరుంటారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వాళ్ళమ్మ చర్చిలో ఒక కొవ్వొత్తి వెలిగించి, తరువాత గుడికి కూడా వెళ్దామంది. మోకాళ్ళ నొప్పితోనే రెండు కొండలూ ఎక్కింది.

గుడి మెట్ల మీద ఉండగా ఆమె ఫోన్ మోగింది. కొడుకు. ఎక్కడున్నావు, ఏ బస్సుకు వస్తున్నావు అని అడిగినట్టున్నాడు. ఆవిడ బస్సు సమయం చెప్పి, ఇంకేమీ అనకుండా ఫోనును అల్లుడి చేతిలో పెట్టింది. అతడు పక్కకు వెళ్ళి రెండు మూడు నిమిషాలు మాట్లాడాడు. తిరిగి వచ్చాక ఏం మాట్లాడారని మేమెవరమూ అడగలేదు. ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు, "రేపు పొద్దున చేస్తానన్నారు" అని మాత్రం అన్నాడు.

ఆవిడను బస్సు ఎక్కించడానికి అందరమూ కాంప్లెక్సుకు వెళ్ళాం. చోడవరం బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. నేను కిటికీ కింద నిలబడి, మంచినీళ్ళ సీసా అందిస్తున్నాను. పక్క సీటులో కూర్చున్నామె, ఆవిడ జుట్టులో చిక్కుకున్న అక్షింతలు చూసి, "ఎవరి పెళ్ళికెళ్ళొస్తున్నారమ్మా?" అని అడిగింది. ఆవిడ ఒకసారి నా వైపు చూసింది. తరువాత, ముందు రెండు వరసలవాళ్ళకు కూడా వినబడేటట్టు, "మా అమ్మాయి పెళ్ళికెళ్ళొస్తున్నానమ్మా" అంది.